‘నన్ను మీ పాడ్‌కాస్ట్‌కు పిలవండి’ అని అడగడం ఎలా?

(విజయవాడలో రచయితలు, వైద్యులు, చిన్న వ్యాపారులు పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనుక వరుసలో కూర్చున్నవారికి నా మాట వినబడుతోందా? సరే, సంతోషం.

నేను తెలుగులో ఒక చిన్న ఇంటర్వ్యూ పాడ్‌కాస్ట్‌ను, అంటే ఇంటర్నెట్‌లో వినే మాటల కార్యక్రమాన్ని, నడుపుతున్నాను. అందుచేత ఈ రోజు నేను మీతో, ‘నన్ను మీ కార్యక్రమానికి పిలవండి’ అంటూ వచ్చే ఉత్తరాలను చదివే మనిషిగానే మాట్లాడతాను. ఆ ఉత్తరాలలో చాలావాటికి నేను ‘రండి’ అని జవాబు రాయలేకపోతున్నాను. వాటిని రాసినవారిలో నాకంటే ఎంతో చదువుకున్నవారు, ఎంతో లోకం చూసినవారు ఉంటారు. అయినా ఆ రెండు పేజీలూ చదివిన తరువాత, ఈయనను కూర్చోబెట్టి నేను ఏ విషయం మాట్లాడించాలి అన్న ప్రశ్నకు నాకు సమాధానం దొరకదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. కూర్చోబెట్టి ఏ విషయం మాట్లాడించాలి?

ఇక్కడ ఉన్న పెద్దవారికి ఆకాశవాణి రోజులు గుర్తుండే ఉంటాయి. మన విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. రేడియోలో ప్రసంగం అంటే కేంద్రం నుంచి పిలుపు వచ్చేది, కాంట్రాక్టు కాగితం వచ్చేది, వక్త తన ప్రసంగ పాఠాన్ని ముందుగానే రాసి ఇచ్చి, ఆ తరువాత స్టూడియోలో కూర్చుని దానిని చదివేవారు. ఎవరిని పిలవాలి, ఏ అంశం మీద పిలవాలి అని ఆలోచించడానికి అక్కడ జీతం తీసుకునే అధికారులు ఉండేవారు. పాడ్‌కాస్ట్‌కు అటువంటి కార్యాలయం లేదు. 2004 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ అనే పాత్రికేయుడు ‘పాడ్‌కాస్టింగ్’ అన్న మాటను అచ్చులో వాడారు. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ అనే తన పాటల సాఫ్ట్‌వేర్‌లో పాడ్‌కాస్టులకు చోటు కల్పించింది. అప్పటి నుంచి మైకు, ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా ఒక కార్యక్రమం మొదలుపెట్టవచ్చు. మంచిదే. కానీ దాని పర్యవసానం ఏమిటి? మీ ఉత్తరం చదివే మనిషే ఆ రాత్రి శబ్దాన్ని శుభ్రం చేసుకోవాలి, యూట్యూబ్‌కు థంబ్‌నెయిల్ బొమ్మ తయారు చేసుకోవాలి, మరునాడు పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లాలి. మీ జీవిత విశేషాల నుంచి ఒక ఎపిసోడుకు సరిపోయే విషయాన్ని వెతికి తీసే తీరిక ఆ మనిషికి లేదు. ఆ పని మీరే చేసి పంపాలి.

పెద్ద పెద్ద పాడ్‌కాస్టుల సంగతి వేరు. 2015లో ఒబామా అమెరికా అధ్యక్షుడిగా ఉండగానే మార్క్ మేరన్ అనే హాస్య నటుడి ఇంటి గరాజ్‌కు వెళ్లి మాట్లాడారు. ప్రధాని నరేంద్ర మోదీ 2025 జనవరిలో వ్యాపారవేత్త నిఖిల్ కామత్ పాడ్‌కాస్ట్‌లోనూ, మార్చిలో అమెరికాలోని లెక్స్ ఫ్రిడ్‌మన్ పాడ్‌కాస్ట్‌లోనూ మాట్లాడారు. ఆ స్థాయిలో వ్యవహారాలు ఎలా కుదురుతాయో మనకు అవసరం లేదు. మనం మన స్థాయిలో, మన భాషలో, మన విషయాలతో ఎలా వెళ్లాలో చూద్దాం.

ముందుగా మన ఇబ్బంది ఎక్కడ ఉందో ఒప్పుకుందాం. కర్ణపర్వంలో ఒక ఘట్టం మీకు తెలుసు. గాండీవాన్ని వేరొకరికి ఇచ్చెయ్యమన్నవాడిని చంపుతానని అర్జునుడికి ఒక ప్రతిజ్ఞ ఉంది. ఆ మాట సాక్షాత్తూ ధర్మరాజే అన్నాడు. కత్తి దూసిన అర్జునుణ్ణి కృష్ణుడు ఆపి, పెద్దవాడిని ఏకవచనంలో నిందిస్తే చంపినట్టే, ఆ పని చెయ్యి అన్నాడు. నిందించిన తరువాత అర్జునుడు సిగ్గుతో తనను తాను చంపుకోబోయాడు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అన్నాడు. ఈ కథ వింటూ పెరిగినవాళ్లం మనం. మన గొప్ప మనం చెప్పుకోకూడదు. ఎవరైనా చెప్పాలి, మనం తల వంచుకుని వినాలి.

దీనివల్ల రెండు రకాల మనుషులు తయారయ్యారు. మొదటి రకం వారు అసలు ఉత్తరమే రాయరు. ఎవరో ఒకరు తమ పేరు సూచిస్తారని ఎదురు చూస్తారు, ఏళ్లు గడిచిపోతాయి. రెండో రకం వారు సన్మాన సభలో చదివే పరిచయ పత్రాన్ని తమ ఉత్తరంగా పంపుతారు. బిరుదులు, పురస్కారాలు, శాలువాలతో దిగిన ఫొటోలు, ఏ ప్రముఖుడి చేతుల మీదుగా ఏ జ్ఞాపిక అందుకున్నారో ఆ వివరాలు అన్నీ ఉంటాయి. మీరు నవ్వుతున్నారు. అటువంటిది ఒకటి మనందరి కంప్యూటర్లలోనూ ఉంది, అవునా? సభకు అది అవసరమే, కాదనను. సభలో అది చదివేటప్పుడు జనం కుర్చీల్లో కూర్చుని ఉంటారు, లేచి వెళ్లడం మర్యాద కాదు గనుక వింటారు. పాడ్‌కాస్ట్ వినేవాడు బస్సులో నిలబడి ఉంటాడు, అతని బొటనవేలు ఫోను మీదే ఉంటుంది. అందుకే మీ పురస్కారాల జాబితా చూసి నేను మిమ్మల్ని గౌరవిస్తాను గానీ, పిలవలేను.

మరి ఆత్మస్తుతి లేకుండా మనల్ని మనం పరిచయం చేసుకోవడం సాధ్యమేనా? సాధ్యమే. ఊహించి చెబుతున్న ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు మిర్చి యార్డులో చాలా కాలంగా కమీషన్ వ్యాపారం చేస్తున్న ఒకాయన, వ్యవసాయం మీద నడిచే ఒక పాడ్‌కాస్ట్‌కు ఇలా రాశారనుకోండి: ‘అయ్యా, నేను 30 ఏళ్లుగా మిర్చి వ్యాపారంలో ఉన్నాను. ఫలానా సంఘానికి కార్యదర్శిగా, ఫలానా క్లబ్బుకు అధ్యక్షుడిగా సేవలందించాను. నా అనుభవాలను మీ శ్రోతలతో పంచుకునే అవకాశం కల్పించగలరని ఆశిస్తున్నాను.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు. గర్వం కూడా లేదు. కానీ ఏ అనుభవాలు? ఎవరికి పనికివచ్చే అనుభవాలు? కార్యక్రమం నడిపే హోస్టుకు ఏమీ అర్థం కాదు.

అదే మనిషి ఇలా రాశారనుకోండి: ‘గత నెల మీరు పత్తి రైతుతో చేసిన ఎపిసోడులో, ధర ఎవరు నిర్ణయిస్తారని మీరు రెండుసార్లు అడిగారు. ఆయన తనకు తెలియదన్నారు. మిర్చి విషయంలో ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. యార్డులో దింపిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కొనుగోలుదారు ఎలా పరీక్షిస్తాడు, తేమను చేత్తో పట్టి ఎలా అంచనా వేస్తాడు, రంగు పోయిన తాలు కాయ కలిసిన సరుకుకు ధర ఎలా పడుతుంది, కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టిన రైతు ఏ లెక్క చూసుకుని అమ్మాలి అన్నవి వివరిస్తాను. కమీషన్ ఏజెంట్ల మీద రైతులకు ఉన్న అనుమానాల గురించి మీరు సూటిగా అడిగినా జవాబు చెబుతాను.’

ఈ రెండో ఉత్తరంలో ఆయన తనను తాను ఎక్కడైనా పొగుడుకున్నారా? ఒక్క మాట కూడా లేదు. అయినా ఈయనకు విషయం తెలుసు అన్న నమ్మకం మనకు కలిగింది. తేమ, తాలు, టిక్కీ అన్న మాటలు ఆ పని చేసిపెట్టాయి. కృష్ణుడికి కూడా అభ్యంతరం ఉండదు. మీలో వైద్యులు ఉన్నారు, చేనేత వ్యాపారం చేసేవారు ఉన్నారు, కథలు రాసేవారు ఉన్నారు. మీ వృత్తిలో బయటివారికి తెలియని, తెలిస్తే పనికివచ్చే విషయం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పట్టుకోండి. ఇక ఆ ఉత్తరంలోని చివరి వాక్యాన్ని ఇంకొకసారి చూడండి, నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది అదే. తనకు ఇబ్బంది కలిగించే ప్రశ్నకు సిద్ధపడి వచ్చే అతిథి అరుదు. అటువంటి మనిషి దొరికితే హోస్టు మిగతా పనులు పక్కనపెట్టి జవాబు రాస్తాడు.

అటువంటి ఉత్తరం రాయాలంటే ముందు ఆ కార్యక్రమం విని ఉండాలి. వినండి. మళ్లీ చెబుతున్నాను, వినండి. ‘మీ పాడ్‌కాస్ట్ అద్భుతం, క్రమం తప్పకుండా వింటాను’ అని మొదలై, నా కార్యక్రమం పేరు తప్పుగా రాసిన ఉత్తరాలు నాకు వస్తుంటాయి. ఈ మధ్య ఏఐతో రాయించినవి ఎక్కువయ్యాయి. వాటిలో వాక్యాలు నున్నగా ఉంటాయి, పొగడ్త సమపాళ్లలో ఉంటుంది, ఎపిసోడు లోపల జరిగిన సంభాషణ గురించి మాత్రం ఏమీ ఉండదు. రెండు మూడు ఎపిసోడులు చివరిదాకా వింటే మీకు చాలా సంగతులు తెలుస్తాయి. ఆ హోస్టు అతిథులను పిలుస్తాడా, ఒంటరిగానే మాట్లాడతాడా? అతిథిని మాట్లాడనిచ్చి వింటాడా, మధ్యలో వాదనకు దిగుతాడా? చివరి ఎపిసోడు ఎప్పుడు వచ్చింది? ఆగిపోయిన కార్యక్రమానికి ఉత్తరం రాసి, జవాబు రాలేదని బాధపడేవారు కూడా ఉన్నారు.

ఏ కార్యక్రమం దేనికోసం ఉందో కూడా చూడాలి. హర్షణీయం అనే తెలుగు పాడ్‌కాస్ట్ ఉంది. అది కథలకూ రచయితలతో, అనువాదకులతో సంభాషణలకూ పేరు పొందినది. దానికి స్థలాల ధరల గురించి మాట్లాడతానని రాస్తే ఏం ప్రయోజనం? హైదరాబాదులో 2018లో మొదలైన సునో ఇండియా అనే పాడ్‌కాస్ట్ సంస్థ ప్రజారోగ్యం, పర్యావరణం వంటి అంశాల మీద నిదానంగా పనిచేస్తుంది. అక్కడ మీ కొత్త ఉత్పత్తి ప్రచారానికి చోటు ఉండదు. ఇంగ్లిష్‌లో అమిత్ వర్మ నడిపే ‘ది సీన్ అండ్ ది అన్‌సీన్’లో సంభాషణలు గంటల తరబడి సాగుతాయి. అక్కడికి పది నిమిషాల సరుకుతో వెళ్లేవారు ఎవరూ ఉండకూడదు. ఇంకొక మాట. సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూసి కార్యక్రమాన్ని ఎంచుకోకండి. మీరు రొయ్యల చెరువుల్లో వచ్చే జబ్బుల గురించి మాట్లాడదలిస్తే, భీమవరం చుట్టుపక్కల చెరువులు చేసేవారు కొన్ని వందల మంది వినే చిన్న కార్యక్రమం, సినిమా తారల ముచ్చట్ల కోసం లక్షల మంది చూసే చానల్ కంటే మీకు మేలు చేస్తుంది.

చిరునామా ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. యూట్యూబ్ చానల్ వివరాలలో ఈమెయిల్ ఉంటుంది, ఎపిసోడు కింద రాసిన వివరణలో ఉంటుంది, కార్యక్రమానికి వెబ్‌సైట్ ఉంటే అక్కడ ఉంటుంది. లిజన్ నోట్స్ అనే వెతుకులాట సైటులో ఒక మనిషి పేరో, ఒక అంశమో ఇచ్చి వెతికితే, ఎక్కడెక్కడ ఆ సంభాషణలు జరిగాయో కనిపిస్తాయి. మీ రంగంలోనే ఉన్న మరొకరు ఎక్కడ మాట్లాడారో చూసుకుని, ఆయన చెప్పనిది మీరు ఏం చెప్పగలరో ఆలోచించుకోండి. పాడ్‌మ్యాచ్ వంటి, అతిథులనూ హోస్టులనూ కలిపే సైట్లు కూడా ఉన్నాయి గానీ, తెలుగు కార్యక్రమానికి నేరుగా రాసిన ఉత్తరమే మేలని నా అభిప్రాయం.

ఉత్తరం ఎంత ఉండాలి? ఫోను తెరను ఒకటి రెండు సార్లు జరిపితే పూర్తి కావాలి. ‘అతిథిగా అవకాశం కోరుతూ’ అని ఈమెయిల్ సబ్జెక్టు వరుసలో రాస్తే అది అర్జీ అవుతుంది. ‘మిర్చి ధర యార్డులో ఎలా పలుకుతుంది’ అని రాస్తే అది ఎపిసోడు పేరు అవుతుంది. మీ గురించి రెండు వాక్యాలు చివర రాయండి. అందులో కూడా ఈ విషయం మీకు ఎలా తెలిసిందో అది మాత్రమే రాయండి.

వీటన్నింటికంటే ముఖ్యమైనది, తెలుగులో చాలామంది చేయనిది ఒకటి ఉంది. మీ గొంతు పంపండి. నేను ఉత్తరం చదువుతున్నంతసేపూ నా మనసులో ఒక అనుమానం ఉంటుంది, ఈయన మాట్లాడగలరా అని. బాగా రాసేవారందరూ బాగా మాట్లాడరు. కొందరు మైకు ముందుకు రాగానే కాగితం తీసి చదవడం మొదలుపెడతారు. నిత్యం ఇంట్లో మాట్లాడే భాషను వదిలి, ఎక్కడి నుంచో ఒక గంభీరమైన భాషను తెచ్చుకుంటారు. రెండు నిమిషాల వాయిస్ నోట్‌లో, మీరు చెప్పదలచిన విషయంలోని ఒక చిన్న ముక్కను, ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు చెప్పి ఆ ఉత్తరానికి జత చేయండి. మీది శ్రీకాకుళం యాస అయితే అందులోనే, కడప యాస అయితే అందులోనే, కరీంనగర్ యాస అయితే అందులోనే చెప్పండి. కాగితం చూసి చదివితే మాకు తెలిసిపోతుంది, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

వైద్యులు, ఆర్థిక సలహాలు ఇచ్చేవారు ఇక్కడ ఉన్నారు గనుక ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. డబ్బు, బహుమతి, వాటా వంటి ఏదైనా సంబంధం పెట్టుకుని ఒక వస్తువును మెచ్చుకునేవారు ఆ సంబంధాన్ని స్పష్టంగా వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరోగ్య సలహాల విషయంలో, అర్హత ఉన్న వైద్యులు తమ అర్హతను చెప్పాలని అదే ఏడాది ఆగస్టులో అదనపు సూచనలు వచ్చాయి. పెట్టుబడుల విషయంలో, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెబీ రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలు ఇచ్చేవారిని పిలవడానికి జాగ్రత్త గల హోస్టు ఒప్పుకోడు. కాబట్టి మీ రిజిస్ట్రేషన్ నంబరు, మీకు ఏ కంపెనీతో సంబంధం ఉందో ఆ వివరం మీరే ముందుగా రాస్తే, హోస్టుకు అడగవలసిన అవసరం ఉండదు, మీకు చిన్నబుచ్చుకోవలసిన అవసరమూ ఉండదు.

రచయితలకు ఒక మాట. తెలుగులో పుస్తకం 500 ప్రతులో 1000 ప్రతులో వేస్తున్న కాలంలో, పాడ్‌కాస్ట్ వల్ల నాలుగు ప్రతులు ఎక్కువ అమ్ముడుపోవాలని కోరుకోవడంలో తప్పు లేదు. కానీ ‘నా నవల గురించి మాట్లాడతాను’ అంటే, ఆ నవల చదవని శ్రోత ఏం చేయాలి? నవల రాయడానికి మీరు ఏ ఊళ్లో తిరిగారు, ఏ వృత్తివారిని కలిశారు, వారు మీకు ఏం చెప్పారు? అది చెప్పండి. పుస్తకం పేరు హోస్టే చెబుతాడు, మీరు దానిని పదే పదే పలకనక్కరలేదు.

ఉత్తరం పంపిన తరువాత ఏం చేయాలి? ఆగాలి. వారం పది రోజులు గడిచాక గుర్తుచేయవచ్చు, అది కూడా ఒక్కసారే. రాత్రి పదింటికి ఫోను చేయడం, వాట్సాప్‌లో రోజూ శుభోదయాలు పంపడం, హోస్టు బంధువు చేత చెప్పించడం, ఫలానా నాయకుడి పీఏ చేత ఫోను చేయించడం మన దగ్గర మామూలే. సిఫార్సు మీద పిలిచిన అతిథిని శ్రోత కనిపెట్టేస్తాడు. ఎందుకంటే హోస్టు గొంతులో కుతూహలం ఉండదు. జవాబు రాకపోతే ఆ విషయం ఆ కార్యక్రమానికి నప్పలేదని అనుకుని, మరొక కార్యక్రమం విని, దానికి తగ్గట్టు కొత్తగా రాయండి. అదే ఉత్తరాన్ని పేరు మార్చి అందరికీ పంపకండి. తెలుగులో పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లం ఒకరితో ఒకరం మాట్లాడుకుంటూ ఉంటాం.

పిలుపు వచ్చిందనుకోండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారి కార్యక్రమమైతే సమయం ఎవరి గడియారం ప్రకారమో ముందే రాసుకోండి. అక్కడ వేసవికి ఒక గంట, చలికాలానికి ఒక గంట మారుతుంది. ప్రశ్నలన్నీ ముందే పంపమని పట్టుబట్టకండి, ప్రచురణకు ముందు నాకు వినిపించి అనుమతి తీసుకోమని అడగకండి. మాట్లాడకూడని కుటుంబ విషయమో, కోర్టులో ఉన్న వ్యవహారమో ఉంటే మాత్రం రికార్డింగుకు ముందే చెప్పండి, మర్యాద గల హోస్టు పాటిస్తాడు. ఇంటి నుంచి మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపండి. ఈ ఊళ్లో మే నెలలో ఆ మాట చెప్పడం కష్టమే, అయినా ఆపండి. వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. రివర్‌సైడ్, జెన్‌కాస్టర్ వంటి సాధనాలలో మీ గొంతు మీ కంప్యూటర్‌లోనే రికార్డయి, ఆ తరువాత ఇంటర్నెట్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి ‘నమస్కారం, ఉంటాను’ అనగానే కంప్యూటర్ తెర మీది ఆ విండోను మూసేయకుండా, అప్‌లోడ్ పూర్తయిందని హోస్టు చెప్పేవరకు అలాగే ఉంచండి. మంచి సంభాషణ జరిగిన తరువాత అతిథి గొంతు సగమే దొరకడం కంటే బాధాకరమైనది మాకు ఇంకొకటి లేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి. అమ్మా, మీరు అడగండి. డబ్బు సంగతి. మంచి ప్రశ్న. మన భాషలో చాలా కార్యక్రమాలు అతిథికి డబ్బు ఇవ్వవు, అతిథి దగ్గర తీసుకోవు. ఆకాశవాణిలాగా పారితోషికం వస్తుందని ఆశించకండి. ఇంత కడితే ఇంటర్వ్యూ చేస్తాం అనే చానళ్లు కూడా ఉన్నాయి. అక్కడ ఒక్క మాట అడగండి, ఇది డబ్బు తీసుకుని చేసిన కార్యక్రమమని తెర మీద వేస్తారా అని. వేస్తామంటే అది ప్రకటన, ప్రకటనగా మీకు గిట్టుబాటు అవుతుందో లేదో లెక్క చూసుకోండి. వేయబోమంటే వెళ్లకండి.

మీరు అడగండి, సార్. మొదటిసారి వెళ్లేవారు చిన్న కార్యక్రమంతో మొదలుపెట్టాలా అంటున్నారు. అవును, దానికి ఒక ఆచరణాత్మకమైన కారణం ఉంది. రెండో ఉత్తరం రాసేటప్పుడు వాయిస్ నోట్‌కు బదులు ఆ ఎపిసోడు లింకు పెట్టి, ఏ నిమిషం దగ్గర వినాలో రాయవచ్చు. మొత్తం వినమనకండి, ఆ నిమిషం రాయండి చాలు.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది గానీ, నిర్వాహకులు ఇంకొక అరగంట హాలు ఉంటుందంటున్నారు. ఎవరైనా ఇప్పటికే ఒక ఉత్తరం రాసుకుని వచ్చి ఉంటే, పేరు చెప్పనక్కరలేదు, మొదటి పేరా చదవండి. ఆ పేరా విని, మిమ్మల్ని ఏ విషయం మాట్లాడించాలో ఈ హాలులో ఉన్నవారికి తెలిసిందో లేదో అడిగి చూద్దాం. ఆ కిటికీ పక్కన కూర్చున్నవారు, మీ చేతిలో కాగితం కనిపిస్తోంది. రండి.